'మేము' అన్న మాటలో ఎవరెవరు? – 'సైడర్ విత్ రోజీ'లో బాల్యస్మృతి, గ్రామ మౌనం

వ్యాససంగ్రహం:

లారీ లీ (1914–1997) రచించిన 'సైడర్ విత్ రోజీ' (1959) మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కాలంలో ఇంగ్లండులోని ఒక చిన్న పల్లెలో గడిచిన బాల్యాన్ని చిత్రించిన స్మృతిరచన. కనుమరుగైన పల్లె సౌందర్యానికి నివాళిగానే పాఠకలోకం దీన్ని ఎక్కువగా ఆదరించింది. కథకుడు ఏ ఘట్టంలో తీర్పు చెబుతాడు, ఏ ఘట్టంలో ఆపుకొంటాడు అన్న ప్రశ్న ద్వారా ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు వ్యాకరణం పాటించే 'మేము', 'మనము' అనే భేదాన్ని ఇందుకు విశ్లేషణ సాధనంగా స్వీకరించాను.

కీలకపదాలు: బాల్యస్మృతి, లారీ లీ, స్లాడ్, ఉత్తమపురుష బహువచనం, గ్రామ మౌనం, వర్క్‌హౌస్.

1. ఉపోద్ఘాతం:

బాల్యస్మృతుల రచనలో 'నేను' అన్న మాట కంటే 'మేము' అన్న మాట చేసే పని పెద్దది. 'నేను' ఒక మనిషిని చూపుతుంది. 'మేము' ఒక ఇంటిని, ఒక బడిని, ఒక ఊరిని చూపుతుంది. అంతేకాదు, ఆ గుంపులో ఎవరు ఉన్నారో చెప్పకుండానే అందరూ ఉన్నారన్న భావన కలిగిస్తుంది. ఇంగ్లీషులో ఉత్తమపురుష బహువచనానికి ఒకే సర్వనామం ఉంది. వినేవాడు ఆ గుంపులో ఉన్నాడో లేడో ఆ మాట చెప్పదు. తెలుగులో అలా కుదరదు. వినేవాణ్ణి వదిలిపెడితే 'మేము', కలుపుకొంటే 'మనము'. ఇంగ్లీషు స్మృతిరచనను తరగతిలో తెలుగులో వివరించబోయే అధ్యాపకుడు ప్రతి వాక్యం వద్దా ఈ ఎంపిక చేయవలసి వస్తుంది. ఇది అనువాద సమస్య మాత్రమే కాదు. మూలరచయిత చెప్పకుండా వదిలిన విషయాన్ని తేల్చవలసిన విమర్శ సమస్య కూడా.

'సైడర్ విత్ రోజీ'ని ఈ ప్రశ్నతో చదవడానికి ప్రత్యేక కారణం ఉంది. పల్లె బాల్యపు మాధుర్యానికి పేరుపడిన ఈ గ్రంథంలోనే ఒక హత్య ఉంది, ఒక ఆత్మహత్య ఉంది, ఒక వృద్ధ దంపతుల బలవంతపు వియోగం ఉంది, ఒక బాలికపై తలపెట్టిన అత్యాచారం ఉంది. రచయిత వీటిని దాచలేదు. అయినా చదివినవారి మనసులో మిగిలేది ఎండుగడ్డి బండి కింద తాగిన సైడర్ రుచి. ఇది ఎలా సాధ్యమైందన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

2. రచనా నేపథ్యం – రెండు యుద్ధానంతర కాలాలు:

లారీ లీ 1914 జూన్ 26న గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ పట్టణంలో జన్మించారు. ఆయనకు మూడేళ్ల వయసులో కుటుంబం సమీపంలోని స్లాడ్ అనే పల్లెకు చేరింది. తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్ళిపోగా, తల్లి ఆనీ తన పిల్లలతో పాటు భర్త మొదటి భార్య సంతానాన్ని కూడా పెంచింది. లీ 1934లో ఊరు విడిచి లండన్‌కు కాలినడకన బయలుదేరారు. తరువాతి ప్రయాణాలను 'యాజ్ ఐ వాక్డ్ అవుట్ వన్ మిడ్‌సమ్మర్ మార్నింగ్' (1969), స్పెయిన్ అంతర్యుద్ధ అనుభవాన్ని 'ఎ మొమెంట్ ఆఫ్ వార్' (1991) చెబుతాయి. ఈ మూడింటిలో మొదటిదైన 'సైడర్ విత్ రోజీ'ని 1959లో హోగార్త్ ప్రెస్ ప్రచురించింది. బ్రిటన్‌లో అది దశాబ్దాల పాటు పాఠ్యగ్రంథంగా కూడా కొనసాగింది.

ఇక్కడ గమనించవలసిన విషయం కాలవ్యవధి. గ్రంథంలోని బాల్యం మొదటి ప్రపంచయుద్ధానంతరానిది. గ్రంథం వెలువడింది రెండవ ప్రపంచయుద్ధానంతరంలో. బ్రిటన్‌లో ఆహారపదార్థాల రేషన్ విధానం 1954 దాకా సాగింది. ఆ కొరత నుంచి అప్పుడే తేరుకొంటున్న పాఠకులకు గుర్రపుబండ్ల నాటి పల్లె, కిక్కిరిసిన వంటగది, ఇంట్లో కాచిన పూలసారాయి ఎంత ఇష్టమై ఉంటాయో ఊహించవచ్చు. వెయ్యేళ్ల జీవనవిధానం అంతరించడాన్ని యాదృచ్ఛికంగా కళ్ళారా చూసిన తరం తనదని లీ చివరి అధ్యాయంలో అంటారు.

ఈ భావనను రేమండ్ విలియమ్స్ 'ది కంట్రీ అండ్ ది సిటీ' (1973)లో నిశితంగా పరీక్షించారు. పాత పల్లె తమ కళ్ళముందే అంతరించిందని ప్రతి తరం రచయితలూ చెబుతారు. అంతకుముందు తరాన్ని చదివితే వారూ అదే అంటారు. అలా వెనక్కి పోతూ ఉంటే ఆ స్వర్ణయుగం ఎక్కడా నిలవదు. విలియమ్స్ దీన్ని కదిలే మెట్లతో పోల్చారు. స్లాడ్ విషయంలోనూ ఈ మాట వర్తిస్తుంది. స్ట్రౌడ్ లోయలు శతాబ్దాలుగా ఉన్నివస్త్ర పరిశ్రమకు నెలవులు. లీ అక్కలు పని కోసం రోజూ స్ట్రౌడ్‌కు వెళ్ళి వచ్చేవారు. అంటే కాలం తాకని పల్లె అన్నది గ్రంథంలోనే నిలబడని మాట. విలియమ్స్ విమర్శ ప్రధానంగా కాలానికీ వర్గసంబంధాలకూ చెందినది. ఆ విమర్శను వ్యాకరణంలోని 'పురుష' దాకా తీసుకువెళ్ళడం ఇక్కడి ప్రయత్నం.

3. 'నేను' నుంచి 'మేము' దాకా:

గ్రంథం ఒంటరి 'నేను'తో మొదలవుతుంది. మూడేళ్ల పిల్లవాణ్ణి సామాను బండి నుంచి దించి గడ్డిలో వదులుతారు. గడ్డి వాడికంటే ఎత్తు. వాడు భయంతో ఏడుస్తాడు. అక్కలు వచ్చి వెతికి ఎత్తుకొంటారు. ఆ ఎత్తుకోవడంతోనే 'నేను' 'మేము'లో కలుస్తుంది. ఆపైన ఆ గుంపు క్రమంగా విస్తరిస్తుంది: మొదట తల్లి, అక్కలు, అన్నదమ్ములు ఉన్న వంటగది, తరువాత బడి, తరువాత ఊరు. అధ్యాయాల కూర్పు సంవత్సరాల వరుసను అనుసరించకుండా విషయాల వరుసను అనుసరిస్తుంది. వంటగది, ఇరుగుపొరుగు అవ్వలు, చావులు, తల్లి, జబ్బు, మేనమామలు, పండుగలు అంటూ సాగే ఈ కూర్పులో కాలం కంటే సాన్నిహిత్యమే ముఖ్యం. కాలం మూలంగా కొన్ని వాస్తవాలు మారి ఉండవచ్చని రచయిత గ్రంథారంభంలోనే చెప్పుకొన్నారు.

ఈ తొలి వలయాలలోని 'మేము' తెలుగులో నిస్సందేహంగా 'మేము'. పాఠకుడు బయటివాడు, లోపలి వెచ్చదనాన్ని చూస్తూ నిలబడినవాడు. ఈ భాగంలో లీ బలం తిరుగులేనిది. ఒకే ఇంటి పై భాగంలో ఒకరు, కింది భాగంలో మరొకరు ఉంటూ జీవితమంతా పరస్పర వైరంతో బతికిన ఇద్దరు అవ్వలు ట్రిల్, వాలన్ ఇందుకు ఉదాహరణ. ఒకరు పోయాక రెండవవారు ఎక్కువకాలం నిలవలేదు. వైరం కూడా ఆ ఊళ్ళో ఒక బంధమేనని వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. తిరిగిరాని భర్త కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తల్లి చిత్రణ అంతకంటే లోతైనది. ఆమె అస్తవ్యస్తాన్నీ ఔదార్యాన్నీ కొడుకు సమానంగా గుర్తుంచుకొన్నాడు.

మొదటి అధ్యాయంలోని ఒక చిన్న సంఘటన తరువాతి చర్చకు తాళంచెవి వంటిది. యుద్ధం ఇంకా ముగియలేదు. అడవిలో తలదాచుకొన్న ఒక సైనికుడు వీరి వంటింటికి వచ్చి పోతూ ఉంటాడు. తల్లి అతనికి ఆదరంగా టీ ఇస్తుంది. కొన్నాళ్ళకు అతణ్ణి పట్టుకొని తీసుకుపోతారు. అతడు సైన్యం నుంచి పారిపోయినవాడు. ఆనీ అతని సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ మౌనానికి కరుణ అని పేరు. అధికారానికి విషయం చేరకుండా చూసే పల్లె స్వభావం ఈ గ్రంథంలో తొలిసారి కనిపించేది ఈ ప్రసన్నరూపంలోనే. పాఠకుడు ఆ మౌనాన్ని మెచ్చుకోవడం ఇక్కడే నేర్చుకొంటాడు. తరువాత అదే మౌనం వేరే ముఖంతో ఎదురవుతుంది.

4. హత్య, ఊరి మౌనం:

పేదవాడిగా ఊరు విడిచి న్యూజిలాండ్ వెళ్ళిన ఒకడు ధనవంతుడై క్రిస్మస్ వేళకు తిరిగి వస్తాడు. మద్యశాలలో డబ్బు వెదజల్లుతూ, ఊళ్ళోనే ఉండిపోయినవారిని తేలిక చేసి మాట్లాడతాడు. ఆ రాత్రి ఊరి యువకులు కొందరు దారికాచి అతణ్ణి కొట్టి మంచులో వదిలేస్తారు. తెల్లవారేసరికి అతడు చనిపోయి ఉంటాడు. పోలీసులు వచ్చి అడుగుతారు. ఎవరూ నోరు విప్పరు. ఏళ్ల తరువాత మరణశయ్యపై ఉన్న ఒక వృద్ధురాలు ఆ సంగతి ఎత్తబోతే పక్కనున్నవారు ఆమెను వారిస్తారు. మన నుడికారంలో రహస్యం బయటపడితే ఊరు కోడై కూస్తుంది. ఇక్కడ ఊరంతటికీ తెలిసిన విషయంలో ఊరే నోరు మూసుకొంది.

ఈ ఘట్టపు వాక్యనిర్మాణంలో మనుషులు వెనక్కి తగ్గి 'ఊరు' కర్తగా ముందుకు వస్తుంది. ఊరికి తెలుసు, ఊరు చెప్పలేదు. కొట్టినవారికి పేర్లు లేవు. సముదాయవాచకం కర్త అయినప్పుడు నేరం ఎవరిదీ కాకుండా పోతుంది. ఇక గ్రంథంలో తరువాత వచ్చే 'ఫస్ట్ బైట్ ఎట్ ది యాపిల్' అధ్యాయంలో పల్లె నేరాలపై కథకుడు సాధారణ వ్యాఖ్య చేస్తాడు. నేరాలను ఊరు తనలోనే ఉంచుకొనేదని, మెచ్చుకోకపోయినా అధికారులకు ఫిర్యాదు చేసేది కాదని, తన శిక్షలు తానే వేసుకొనేదని ఆ వ్యాఖ్య సారాంశం. ఇది పిల్లవాడి గొంతు కాదు. నలభై ఏళ్ళు దాటిన రచయిత గొంతు. నగరపు చట్టాలకు అలవాటుపడిన పాఠకుణ్ణి పల్లె న్యాయాన్ని లోపలి నుంచి అర్థం చేసుకొమ్మని పిలిచే గొంతు. అంతదాకా 'మేము' అంటూ వచ్చిన రచన సరిగ్గా ఈ ప్రమాదకరమైన చోట 'మనము' వైపు మొగ్గుతుంది. సైనికుని విషయంలో మౌనాన్ని మెచ్చుకొన్న పాఠకుడు ఇక్కడ కాదనడానికి తడబడతాడు.

5. వర్క్‌హౌస్ – తీర్పు వినిపించే చోటు:

హత్యాఘట్టం ఉన్న అధ్యాయంలోనే జోసెఫ్, హానా బ్రౌన్ అనే వృద్ధ దంపతుల కథ ఉంది. జీవితమంతా ఒకరినొకరు విడవకుండా బతికిన ఇద్దరూ శక్తి ఉడిగిన తరువాత వర్క్‌హౌస్‌కు, అంటే దిక్కులేని పేదలను చేర్చే ప్రభుత్వ వసతిగృహానికి, తరలింపబడతారు. అక్కడ పురుషుల విభాగం వేరు, స్త్రీల విభాగం వేరు. విడదీసిన వారం రోజులలోపే ఇద్దరూ మరణిస్తారు. ఈ ఘట్టంలో కథకుడు తటస్థంగా లేడు. ఆ సంస్థ పట్ల పల్లెజనంలో ఉన్న భయాన్నీ అవమానభావాన్నీ ఆగ్రహంతోనే చెబుతాడు. దానిపై ఆయన అభిప్రాయంలో సందేహానికి తావు లేదు.

రెండు ఘట్టాలను పక్కపక్కన ఉంచితే ఒక క్రమం తెలుస్తుంది. మృత్యువు బయటి నుంచి, అధికారం పేరుతో వస్తే కథకుడు తీర్పు చెబుతాడు. ఊరి చేతుల మీదుగా వస్తే వర్ణించి ఊరుకొంటాడు. అయితే వర్క్‌హౌస్ నిజంగా బయటిదేనా? 1834 నాటి పేదల చట్టం ప్రకారం ఏర్పడిన ఈ వసతిగృహాలను నడిపినవి సంరక్షక మండళ్ళు. వాటి సభ్యులను చుట్టుపక్కల పారిష్‌లలో పన్ను కట్టేవారే ఎన్నుకొనేవారు. అరవై దాటిన దంపతులను బలవంతంగా విడదీయరాదని 1847లోనే చట్టం చెప్పింది. ఆ మండళ్ళ వ్యవస్థ 1929 నాటి స్థానిక పరిపాలన చట్టంతో రద్దయ్యేదాకా ఈ విడదీత ఎన్నోచోట్ల కొనసాగింది. అంటే బ్రౌన్ దంపతులను విడదీసిన వ్యవస్థలో దూరపు ప్రభుత్వంతో పాటు ఇరుగుపొరుగు పెద్దల పొదుపు కూడా పాలుపంచుకొంది. బాలునికి ఇది తెలియకపోవడం సహజం. రచయిత తెలియజేయకపోవడం ఒక ఎంపిక. ఆ ఎంపిక వల్ల ఊరు నిర్దోషిగా, 'బయట' దోషిగా మిగిలాయి.

6. అడవిదారిలో బాలిక:

'మేము' అన్న మాట అత్యంత ఇబ్బందికరంగా వినిపించేది కౌమారాన్ని చిత్రించిన అధ్యాయంలో. కథకునితో సహా కొందరు కుర్రవాళ్ళు లిజ్జీ అనే బాలికపై అత్యాచారం తలపెట్టి అడవిదారిలో కాపు కాస్తారు. ఆమె కాస్త అమాయకురాలు, దైవభక్తురాలు, చెట్ల మీద భక్తివాక్యాలు రాసే అలవాటున్నది. వీళ్ళు అడ్డం నిలవగానే ఆమె తన చేతిలోని సంచితో కొట్టి తన దారిన తాను పోతుంది. గుంపు చెదిరిపోతుంది. ఈ సంఘటనను లీ హాస్యధోరణిలో చెప్పారు. హాస్యం కుర్రవాళ్ళ పిరికితనం మీద. ఆ మేరకు అది ఆత్మవిమర్శే. కానీ ఆ హాస్యంలో లిజ్జీ అనుభవానికి చోటు లేదు. ఆమె ఆ రోజు ఇంటికి ఎలా వెళ్ళింది, ఆ దారిలో మళ్ళీ ఎప్పుడు నడిచింది అన్న ప్రశ్నలు రచనలో పుట్టవు.

ఇక్కడ తెలుగు అనువాదకుడు 'మేము' అనే రాయాలి. 'మనము' అనడానికి చేయి రాదు. మూలంలో ఒకే సర్వనామం వంటగది వెచ్చదనాన్నీ ఈ కాపుకాయడాన్నీ ఒకే కొనసాగింపుగా చూపగలిగింది. తెలుగులో ఆ కొనసాగింపు తెగుతుంది. అలా తెగినచోటే లిజ్జీ కనిపిస్తుంది. న్యూజిలాండ్ నుంచి వచ్చినవాడు ఊళ్ళో పుట్టినవాడే, లిజ్జీ ఊళ్ళో నివసిస్తున్నదే. అయినా ఇద్దరూ ఆ 'మేము'లో లేరు. ఊరికి చెందడమంటే అక్కడ పుట్టడం కాదు, పెరగడమూ కాదు. ఊరి మౌనంలో భాగస్వాములు కావడం.

7. ప్రత్యభిప్రాయం, సమాధానం:

బాల్యస్మృతిని నేరవిచారణలా చదవడం న్యాయమా అన్న ఆక్షేపణ సహేతుకమైనదే. పిల్లవాడు చూసినదాన్ని పిల్లవాడి కొలతలోనే చెప్పడం ఈ ప్రక్రియకు ప్రాణం. ప్రతి పుటలోనూ పెద్దవాడి నీతి అడ్డుపడితే అది బాల్యస్మృతి కాదు. అయితే లీ రచనలో పెద్దవాడి గొంతు లేకపోలేదు. వర్క్‌హౌస్ వద్ద అది స్పష్టంగా వినిపించింది. పల్లె న్యాయాన్ని వివరించేటప్పుడూ వినిపించింది. అందువల్ల హత్య వద్ద అది నిశ్శబ్దమవడాన్ని ప్రక్రియా స్వభావంగా తీసుకొని వదిలేయలేము.

పోలిక కోసం పదేళ్ల తరువాత వెలువడిన రొనాల్డ్ బ్లైత్ 'ఏకెన్‌ఫీల్డ్' (1969)ను చూడవచ్చు. సఫోక్ ప్రాంతపు ఒక పల్లెను కల్పిత నామంతో చిత్రించిన ఆ గ్రంథంలో అనేకులు ఎవరి 'నేను'తో వారు మాట్లాడతారు. 1914కు ముందు వ్యవసాయ కూలీలు అనుభవించిన దారిద్ర్యాన్ని ఆ కూలీలే చెబుతారు. ఒక గొంతు చెప్పినదాన్ని మరొక గొంతు కాదంటుంది. అక్కడ ఊరు ఒక్క కర్తగా నిలవదు. స్మృతిరచనకు ఈ సౌకర్యం లేదు. ఉన్నది ఒకే గొంతు. కనుకనే ఆ గొంతు 'మేము' అన్నప్పుడు దాని బాధ్యత ఎక్కువ.

8. ముగింపు:

లారీ లీ పల్లెను అందంగా చూపి వికృతిని దాచారన్న విమర్శ సరికాదు. ఆయన దాచలేదు. మరణశయ్యపై వృద్ధురాలు చెప్పబోయి చెప్పలేకపోయిన మాటను లక్షలాది పాఠకుల ముందు పెట్టినది ఈ గ్రంథమే. ఆ విధంగా ఆయన ఊరి మౌనాన్ని భంగపరిచారు. కానీ కొట్టినవారి పేర్లు చెప్పలేదు, తప్పనలేదు, పాఠకుణ్ణి కూడా ఆ ఒప్పందంలోకి సాదరంగా ఆహ్వానించారు. ఆ విధంగా అదే మౌనాన్ని పాటించారు కూడా. ఊరు విడిచి పాతికేళ్ళయినా ఆయన ఆ 'మేము'లోంచి పూర్తిగా బయటికి రాలేదు. గ్రంథపు వెచ్చదనానికీ వెలితికీ మూలం ఒక్కటే. వాటిని విడివిడిగా చూసినంతకాలం ఈ రచనను గ్రామీణ సౌందర్యగీతంగానో మోసంగానో తేల్చేసే పొరపాటు జరుగుతుంది.

ఈ పరిశీలన తెలుగు పరిశోధకులకు ఒక పద్ధతిని సూచిస్తుంది. ఇంగ్లీషు వచనాన్ని చదివేటప్పుడు మన భాష మనకు అడ్డంకి కానవసరం లేదు. అది పరీక్షాసాధనం కూడా కాగలదు. అదే ప్రశ్న మన స్మృతిరచనలకూ వర్తిస్తుంది. 'మా ఊరు' అని మొదలయ్యే ప్రతి తెలుగు బాల్యస్మృతిలోనూ ఆ 'మా'లో ఊరు మాత్రమే ఉందా, వాడ కూడా ఉందా అని అడగవలసి ఉంది. 'మేము', 'మనము' అనే రెండు మాటలు ఉన్న భాషలో రాస్తున్నాము కనుక, ఏది ఎందుకు ఎంచుకొన్నామో చెప్పవలసిన బాధ్యత మన రచయితలకు, విమర్శకులకు ఇంకా ఎక్కువ.